చెవి మిషన్ పెట్టినా పెళ్లిలో మాటలు అర్థం కావట్లేదు... పవర్ పెంచాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఏడాది కిందట ఆన్‌లైన్‌లో కుడి చెవికి మిషన్ తెప్పించాం. ఎదురుగా ఒక్కరే మాట్లాడితే బాగానే తెలుస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర నలుగురూ మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్కా అర్థం కాదంటారు. మూడు నెలలుగా ఎడమ చెవిలో హోరు కూడా ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తున్నాం. ఇంకా ఎక్కువ పవర్ ఉన్న మిషన్ కొనమంటారా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మిషన్ సంగతి తర్వాత. ముందు ఆ ఎడమ చెవిని ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. రెండు చెవుల్లోనూ హోరుంటే చాలాసార్లు వయసుతో వచ్చిందే అవుతుంది. ఒక్క చెవిలోనే ఇన్నాళ్లుంటే కారణం వెతకాలి. గులిమి గడ్డకట్టడం, మధ్యచెవి సమస్య లాంటి మామూలు కారణాలు ఉండొచ్చు. అరుదుగా వినికిడి నరం దగ్గర కణితి ఉంటుంది. అది సాధారణంగా క్యాన్సర్ కాదు, నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి టెన్షన్ వద్దు. వినికిడి పరీక్షలో రెండు చెవుల మధ్య తేడా కనిపిస్తే ఎంఆర్ఐ అవసరమో కాదో డాక్టరే చెప్తారు.

షాపు చుక్కలు ఇవాళే ఆపేయండి. మందు పేరైనా రాయలేదు మీరు. కర్ణభేరికి చిల్లు ఉంటే, జెంటామైసిన్ లాంటి మందున్న చుక్కలు లోపలి చెవినే దెబ్బతీసే ప్రమాదం ఉంది. చెవిలోకి చూడకుండా చుక్కలు ఇవ్వడమేమిటి, మూడు నెలలు వేయడమేమిటి! పంటి నొప్పికైతే ఇన్నాళ్లు ఆగేవారా?

ఇక మీరడిగింది. పవర్ పెంచితే మాటతో పాటు గిన్నెల చప్పుడు, బ్యాండు మేళం కూడా పెరుగుతాయి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతిని, కలగలిసిన శబ్దాల్లోంచి మాటను విడదీసే శక్తి తగ్గుతుంది. 'వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు' అనేది అందుకే. ఆ లోటును ఏ మిషనూ పూర్తిగా తీర్చలేదు. పైగా ఆడియోమెట్రీ (వినికిడిని కొలిచే పరీక్ష) చేయించినట్టే మీరు రాయలేదు. ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో తేల్చేది ఆ రిపోర్టే. రెండు చెవులకూ లోపం ఉంటే సాధారణంగా రెండు మిషన్లు సూచిస్తాం, గోలలో ఒక గొంతును పట్టుకోవడానికి రెండు చెవులూ కావాలి. అయితే అందరికీ కాదు, ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) మాటలు ఎంతవరకు అర్థమవుతున్నాయో చూసే పరీక్ష కూడా చేసి చెప్పాలి. ఎదుటివైపు మాటను ఎక్కువగా తీసుకునే మిషన్లున్నాయి. మాట్లాడేవారి చొక్కాకు తగిలించే చిన్న మైకులూ దొరుకుతాయి, గోలలో ఇవి బాగా పనికొస్తాయి. పరీక్ష అయ్యేదాకా కొత్తది కొనకండి.

ఈలోగా ఫంక్షన్లలో ఆయన్ని స్పీకర్లకు దూరంగా, గోడకు వీపు ఆనేలా కూర్చోబెట్టండి. మీటరు దూరంలోపు, ముఖం కనిపించేలా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. అరవొద్దు, అరిస్తే మాట ఇంకా చెడుతుంది.

ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి పడిపోయినా, కళ్లు తిరిగినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. అలా హఠాత్తుగా తగ్గిన వినికిడికి మందులు మొదటి కొద్ది రోజుల్లోనే బాగా పనిచేస్తాయి. చెవి చూడకుండా నేను ఇంతకుమించి చెప్పకూడదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, మిషన్, ఆయన వాడే బీపీ, షుగర్, నొప్పి మాత్రలన్నీ పట్టుకెళ్లండి.