త్రాటిల్ సెన్సర్ కొనేముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఎత్తు ఎక్కేటప్పుడు ట్రక్కు పికప్ తెగి తెగి వస్తోందనీ, స్కానర్‌లో (ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల కోడ్లు చదివే పరికరం) త్రాటిల్ పొజిషన్ సెన్సర్ (పెడల్ లేదా వాల్వు ఎంత కదిలిందో వోల్టేజీ రూపంలో తెలిపే భాగం) కోడ్ పడిందనీ, కొత్త సెన్సర్ ఏది కొనాలో చెప్పమనీ రాశావు. ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ కోడ్ పడినంత మాత్రాన సెన్సర్ పాడైందని అనుకోకు. ఆ సర్క్యూట్ నుంచి వచ్చే సిగ్నల్ ఉండవలసిన హద్దుల్లో లేదని మాత్రమే దాని అర్థం. తప్పు సెన్సర్‌దా, వైరుదా, కనెక్టర్‌దా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఇంకో సంగతి. డీజిల్ ఇంజిన్‌లో బలాన్ని నిర్ణయించేది లోపలికి వెళ్ళే గాలి కాదు, ఇంధనం. అందువల్ల ఈ పేరుతో దొరికే భాగాలు అన్నీ ఒకే పని చేయవు. పాత బళ్ళలో అది డీజిల్ పంపు లివర్‌కు బిగించి ఉండి, ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు కబురు చెబుతుంది. ఆ తరువాత వచ్చినవాటిలో యాక్సిలరేటర్ పెడల్ దగ్గర ఉంటుంది. కొత్త బళ్ళలో గాలి వెళ్ళే దారిలోని త్రాటిల్ వాల్వుకు కూడా ఇంకొకటి ఉంటుంది. నీ కోడ్ వీటిలో దేని గురించి చెబుతోందో ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోకుండా షాపుకు వెళ్ళవద్దు.

ఇక పరీక్ష. కనెక్టర్ విప్పి పిన్నులకు చిలుము పట్టిందా, నీరు దిగిందా చూడు. చాలా సెన్సర్లలో ఒక్కో సిగ్నల్‌కు మూడు వైర్లు ఉంటాయి: ఒకటి 5 వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, సప్లై 5 వోల్టులకు దగ్గరగా ఉందని, ఎర్త్ సరిగా ఉందని రూఢి చేసుకో. తరువాత కనెక్టర్ తిరిగి పెట్టి, వెనుక వైపు నుంచి సిగ్నల్ వైరుకు మీటర్ తగిలించి, ఒకరిచేత పెడల్‌ను అతి నెమ్మదిగా నొక్కించు. వదిలినప్పుడు సుమారు 0.5 నుంచి 1 వోల్టు, పూర్తిగా నొక్కినప్పుడు 4 వోల్టుల చుట్టుపక్కల చూపే రకాలు ఎక్కువ. ఖచ్చితమైన అంకె మాన్యువల్‌దే. ఈ పనికి ముల్లు ఉన్న పాతరకం మీటర్ నాకు ఇష్టం. పెడల్ కొద్దిగా నొక్కిన చోట, అంటే డ్రైవర్ కాలు గంటల తరబడి నిలిచి ఉండే చోట, సెన్సర్ లోపల రాసుకునే కార్బన్ పట్టీ అరిగిపోతుంది. ముల్లు నిదానంగా పైకి వెళుతూ అక్కడికి రాగానే ఒక్కసారి కిందికి జారి మళ్ళీ లేస్తే, సెన్సర్ పని అయిపోయిందని నిశ్చయంగా అనుకోవచ్చు. అంకెల మీటర్ ఆ జారుడును చాలాసార్లు పట్టుకోలేదు.

సెన్సరే పోయిందని తేలితే, ఆకారం చూసి కొనవద్దు, పాతదాని మీది పార్ట్ నంబరు చూసి కొను. ఒకసారి నేనే మరలు, కనెక్టర్, షాఫ్టు అన్నీ సరిగ్గా సరిపోయిన సెన్సర్ ఒకటి బిగించాను. పెడల్ నొక్కుతుంటే దాని వోల్టేజీ పెరగవలసింది పోయి తగ్గుతోంది. ఒక పూటంతా వైరింగ్ వెతికిన తరువాతే అసలు సంగతి తెలిసింది. పెడల్ సెన్సర్లలో సాధారణంగా రెండు సిగ్నళ్ళు ఉంటాయి, ఒకదానికి ఒకటి సాక్ష్యం. కొన్ని రకాల్లో ఒకటి రెండోదానికి సగం ఉంటుంది, ఇంకొన్నింటిలో ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. ఆ పొంతన కుదరకపోతే కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని తగ్గించేస్తుంది. బండి తయారీదారు ఆ పార్ట్ నంబరును మార్చి ఉంటే, పాతదాని బదులు వచ్చిన కొత్త నంబరును వారి కేటలాగ్‌లోనే నిర్ధారించుకో. సెన్సర్ విడిగా దొరకని బండ్లలో పెడల్ మొత్తంగానే కొనవలసి వస్తుంది. అలాంటి చోట విప్పి అతికించే ప్రయత్నం చేయకు. అయస్కాంతంతో, రాపిడి లేకుండా పనిచేసే రకం నీ మోడల్‌కు తయారీదారే ఇస్తూ ఉంటే అదే తీసుకో, అరిగే పట్టీ అందులో ఉండదు. ఎన్ని వేల గంటలు తిరిగిందో తెలియని వాడిన సెన్సర్ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా పెట్టవద్దు, ఎందుకంటే నీ పాతది అరిగిన చోటే అదీ అరిగి ఉండవచ్చు.

మర రంధ్రాలు పొడవుగా కోసి ఉన్న రకమైతే, మరలు వదులుగా ఉంచి, మీటర్ చూస్తూ, ఐడిల్ వోల్టేజీ (పెడల్ వదిలినప్పటిది) మాన్యువల్ చెప్పిన అంకెకు వచ్చాక బిగించు. కొన్ని బండ్లకు తాళం ఆన్‌లో ఉంచి పెడల్‌ను నిదానంగా చివరిదాకా నొక్కి వదిలితే కంప్యూటర్ కొత్త హద్దులు నేర్చుకుంటుంది, కొన్నింటికి స్కానర్ కావాలి.

పాతదాన్ని అప్పుడే పారేయకు. పెడల్ వదిలినప్పుడు, సగం నొక్కినప్పుడు, పూర్తిగా నొక్కినప్పుడు వచ్చిన వోల్టేజీలు, సెన్సర్ మీది నంబరు, వైర్ల రంగులు ఒక కాగితం మీద రాసి నాకు పంపు. అవి చూసి ఏది కొనాలో చెబుతాను. అంతవరకు డబ్బు ఖర్చు పెట్టవద్దు, బరువు వేసి ఎత్తులు ఎక్కించవద్దు.

ఇట్లు,
మీ మావయ్య