పోలేపల్లిలో హెపా ఫిల్టర్లు ఎంచుకోబోతున్న బిడ్డకు

బిడ్డా,

మీ మందుల ప్లాంట్‌లో కొత్త బ్లాకుకు హెపా ఫిల్టర్ల, అంటే గాలిలోని అతి సన్నటి కణాలను పట్టే ఫిల్టర్ల, స్పెసిఫికేషన్ రాసే పని నీకు అప్పజెప్పారని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. మెసేజ్‌లో నువ్వు ఒకటే అడిగావు, హెచ్13 తీసుకోవాలా, హెచ్14 తీసుకోవాలా అని. జవాబు చెప్తాను. కానీ ప్లాంట్లలో ఇన్నేళ్లు గదులకు గాలి పంపే ఏహెచ్‌యూ యంత్రాల మధ్య తిరిగినవాడిగా ముందే ఒక మాట అంటాను. గది పాడయ్యేది ఫిల్టర్ పేపర్ తక్కువ రకం కావడం వల్ల అరుదు. ఆ పేపర్‌ను తప్పించుకుని పక్క సందుల్లోంచి గాలి దూరడం వల్లే ఎక్కువ. నీ డబ్బూ నీ శ్రద్ధా ముందు అటు పోవాలి.

ఈఎన్ 1822 ప్రమాణం ప్రకారం హెచ్13 అంటే గాలిలోని కణాల్లో 99.95 శాతం పట్టేది, హెచ్14 అంటే 99.995 శాతం పట్టేది. లక్ష కణాలు వస్తే మొదటిది 50 వదులుతుంది, రెండోది 5. ఈ పరీక్షను ఫిల్టర్‌కు దొరకడం అన్నిటికన్నా కష్టమైన సైజు కణాల దగ్గర లెక్కిస్తారు. అది మామూలుగా 0.1 నుంచి 0.3 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అమెరికా వాళ్ల 99.97 శాతం మాత్రం 0.3 మైక్రాన్ దగ్గరి లెక్క. అందుకే రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఆ శాతం ఏ సైజు దగ్గరిదో చూడకుండా పోల్చవద్దు.

హెపా అంటే జల్లెడ అనుకుంటారు చాలామంది. అలా అనుకుంటే 0.3 కన్నా చిన్నవన్నీ జారిపోవాలి కదా? జారిపోవు. గ్లాస్ ఫైబర్ పోగుల మధ్య సందులు, అవి పట్టే కణాల కన్నా పెద్దవే. పెద్ద కణం గాలితోపాటు మలుపు తిరగలేక పోగుకు గుద్దుకుంటుంది. కొంచెం చిన్నది పోగును రాసుకుంటూ పోయి అంటుకుంటుంది. మరీ చిన్నది గాలి అణువులు తాకుతుంటే అటూ ఇటూ ఊగిసలాడి ఏదో ఒక పోగుకు తగులుకుంటుంది. ఈ పద్ధతులేవీ గట్టిగా పనిచేయని సైజు మధ్యలో ఒకటి ఉంటుంది, పరీక్ష దాని దగ్గర పెట్టేది అందుకే. దీంట్లోంచే ఇంకొకటి తెలుస్తుంది. గాలి వేగం పెంచితే చిన్న కణం పోగుకు తగిలే టైమ్ తగ్గుతుంది. రేటింగ్‌కు మించి గాలి తోస్తే డేటాషీట్‌లో ఉన్న శాతం నీకు దొరకదు.

మీది టాబ్లెట్ల బ్లాకు. గది గాలిని తిప్పి మళ్లీ వాడుతూ, ఒక మందు పొడి ఇంకో మందులో కలిసే అవకాశం ఉన్నచోట డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాలు చెప్పేది ముతక దుమ్ము పట్టే జీ4, సన్న దుమ్ము పట్టే ఎఫ్8, ఆపైన హెచ్13. పూర్తిగా బయటి గాలితోనే నడిస్తే జీ4తో పాటు ఎఫ్8 గానీ ఎఫ్9 గానీ చాలు. ఇంజెక్షన్ల ఫిల్లింగ్ లైన్ అయితే హెచ్14 గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను, పెట్టమంటాను. పొడిని గుళికలుగా చేసే గ్రాన్యులేషన్, టాబ్లెట్లు నొక్కే కంప్రెషన్ గదులకు కూడా హెచ్14 పెట్టేద్దాం, ఆడిట్‌లో ఎవరూ అడగరు అని మీ దగ్గర ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ తేడా డబ్బు మంచి హౌసింగ్‌కూ (ఫిల్టర్ కూర్చునే చట్రం), హెపాకు ముందుండే ప్రీఫిల్టర్లకూ పెట్టించు. ఇంకోటి, తక్కువ ధర చూపించి, హెచ్13 కన్నా ఒక మెట్టు కిందిదైన ఈ12 అంటగట్టే వెండర్లు ఉంటారు. ఆ తరగతి ఫిల్టర్లను ఒక్కొక్కటిగా లీక్ టెస్ట్ చేసి పంపాలన్న నియమం లేదు. హెచ్13, హెచ్14లకు ఉంది. ప్రతి ఫిల్టర్‌కూ సీరియల్ నంబర్‌తో టెస్ట్ సర్టిఫికెట్ రావాలని, ఏ గాలి పరిమాణం దగ్గర పరీక్షించారో, ప్రెషర్ డ్రాప్ (ఫిల్టర్ దాటేటప్పుడు తగ్గే గాలి ఒత్తిడి) ఎంతో అందులో ఉండాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయి.

ఎన్ని ఫిల్టర్లు కావాలో నువ్వే లెక్క వేసుకో, వెండర్ మీద వదలకు. ఉదాహరణకు 5 మీటర్లు, 4 మీటర్లు, 3 మీటర్ల ఎత్తు గది అంటే 60 ఘనపు మీటర్లు. గంటకు 20 ఎయిర్ ఛేంజెస్, అంటే గది గాలి 20 సార్లు మారడం, కావాలంటే 1,200 ఘనపు మీటర్ల గాలి. సీలింగ్‌లో ఉండే 610 బై 610 మిల్లీమీటర్ల టర్మినల్ ఫిల్టర్‌లోంచి సెకనుకు 0.45 మీటర్ల వేగంతో గాలి వస్తే గంటకు సుమారు 600. కాబట్టి రెండు పెట్టాలి. ఒకటే పెట్టి రెట్టింపు గాలి తోద్దాం అంటే ప్రెషర్ డ్రాప్ కూడా దాదాపు రెట్టింపవుతుంది, పట్టే శక్తి తగ్గుతుంది, మోత పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పాత హెపాను దించినప్పుడు పేపర్ కాదు, ఫ్రేమ్ చుట్టూ సందు మూసే గాస్కెట్ పట్టీ చూడు. గాలి వచ్చే వైపు నల్లగా, గది వైపు తెల్లగా ఉంటే సరే. ఒక మూల దగ్గర గాస్కెట్‌కు అడ్డంగా సన్నటి బూడిదరంగు చార కనిపిస్తే, గాలి అక్కడినుంచే లోపలికి దూరిందని అర్థం. ఆ ఫిల్టర్ హెచ్14 అయినా ఆ గదికి ఉపయోగం లేదు. క్లాంపులు బిగించేటప్పుడు ఒక పక్క పూర్తిగా బిగించి ఇంకో పక్కకు పోతే ఫ్రేమ్ వంగుతుంది. ఎదురెదురు మూలలను కొంచెం కొంచెంగా, సమానంగా బిగించాలి. ఫిల్టర్ కూర్చునే హౌసింగ్ అంచు సమతలంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూడు. బడ్జెట్ ఒప్పుకుంటే ముఖ్యమైన గదులకు జెల్ సీల్ తీసుకో. గాస్కెట్ బదులు కత్తిలాంటి అంచు మెత్తటి జెల్‌లో దిగి కూర్చుంటుంది, బిగింపు మీద అంత ఆధారపడదు.

పీఏఓ టెస్ట్, అంటే నూనె పొగ వదిలి లీకులు వెతికే పరీక్ష, జరిగేటప్పుడు నువ్వు తప్పకుండా దగ్గర ఉండు. సంతకం పెట్టడానికి చివర్లో పోవద్దు. పైనుంచి పొగ సరిగ్గా చేరిందా, అప్‌స్ట్రీమ్ (ఫిల్టర్‌కు ముందు వైపు) రీడింగ్ ఎంత అని ముందు అడుగు. ప్రోబ్ ఫిల్టర్ ముఖానికి అంగుళం దూరంలో నెమ్మదిగా కదలాలి. పేపర్ మీదే తిప్పి ఊరుకోకుండా నాలుగు అంచులూ, గాస్కెట్ గీతా, ఫ్రేమ్ మూలలూ తడమాలి. అప్‌స్ట్రీమ్ పొగలో 0.01 శాతం కన్నా ఎక్కువ ఇటు వస్తే లీకే. మూల దగ్గర మీటర్ ఎగిరితే ముందు క్లాంప్ చూసుకోండి, కొత్త ఫిల్టర్ తెప్పించే తొందర పడవద్దు.

గాలి ఎటు పోతుందన్నది కూడా ఇందులో భాగమే. 1960ల మొదట్లో అమెరికాలోని సాండియా ల్యాబ్‌లో విల్లిస్ విట్‌ఫీల్డ్ చేసిన పెద్ద మార్పు గాలిని ఒకే దిశలో నడిపించి దుమ్మును ఊడ్చుకుపోయేలా చేయడం. మంచి ఫిల్టర్లు అంతకుముందే ఉన్నాయి. నీ గదుల్లో గాలి తిరిగి వెళ్లే రిటర్న్ గ్రిల్స్ నేలకు దగ్గరగా ఉండాలి. డ్రమ్ములు, ట్రాలీలు వాటికి అడ్డం పెట్టకుండా చూడు.

మన ప్రాంతంలో ప్రీఫిల్టర్లను తేలిగ్గా తీసుకుంటే హెపా తొందరగా చచ్చిపోతుంది. ఎండాకాలంలో పాలమూరు ఎర్రదుమ్ము, పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల నుంచి నూగు, వరికోతల తర్వాత కొయ్యకాళ్లు కాల్చిన పొగ. నూగును జీ4 పడుతుంది కానీ తొందరగా మూసుకుపోతుంది. పొగ కణాలు చాలావరకు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి, జీ4 వాటిని ఆపలేదు, నేరుగా పోయి హెపా మీద పేరుకుంటాయి. అందుకే మధ్యలో ఫైన్ ఫిల్టర్ తప్పనిసరి. ఎఫ్7, ఎఫ్8 అనేవి పాత పేర్లు, ఇప్పుడు ఐఎస్ఓ 16890 ప్రమాణం నడుస్తోంది, కాబట్టి ఈపీఎం1, అంటే ఒక మైక్రాన్ దాకా ఉన్న కణాలను పట్టే శాతం, ఎంతో అడుగు. తాజా గాలి తీసుకునే లూవర్ బాయిలర్ బూడిద వైపో లారీలు తిరిగే వైపో ఉంటే డ్రాయింగ్ దశలోనే మార్పించు. ప్రీఫిల్టర్ కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టాలి. హెపాను మాత్రం కడగకూడదు, బ్లోయర్‌తో ఊదకూడదు, చేత్తో ముట్టుకోకూడదు.

కరెంటు లెక్క కూడా పర్చేజ్ వాళ్లకు చూపించు. నిమిషానికి 10,000 ఘనపు అడుగుల (సీఎఫ్ఎం) గాలి పంపే ఏహెచ్‌యూలో 100 పాస్కల్స్ తక్కువ డ్రాప్ ఉన్న ఫిల్టర్ పెడితే, ఫ్యాన్, మోటార్ కలిపి 60 శాతం సామర్థ్యం అనుకున్నా, రాత్రింబవళ్లు నడిచే యంత్రానికి ఏడాదికి దాదాపు 6,900 యూనిట్ల కరెంటు మిగులుతుంది. ఫిల్టర్ ధర తేడా దాని ముందు పెట్టి చూడమను.

ఫిల్టర్ కొత్తగా పెట్టిన రోజు దాని ప్రెషర్ డ్రాప్ చూపే మాగ్నెహెలిక్ గేజ్ ఎంత చూపించిందో ఫ్రేమ్ పక్కనే రాసిపెట్టు. దానికి రెట్టింపు దగ్గరికి వస్తే మార్చడం మామూలు పద్ధతి, బ్లోయర్‌ను కూడా ఆ చివరి రీడింగ్‌కు తగ్గట్టే ఎంచుకోవాలి. గాలి పరిమాణం మారకుండానే రీడింగ్ ఒక్కసారిగా పడిపోతే ఫిల్టర్ బాగుందని సంబరపడవద్దు. పేపర్ చిరగడమో సీల్ వదలడమో జరిగి ఉంటుంది. వెంటనే పైకెక్కి చూడాలి.

సాల్వెంట్ వాసన హెపాతో పోదు, అది ఆవిరి. దానికి కార్బన్ ఫిల్టర్ వేరే.

ఫిల్టర్ పెట్టెలను స్టోర్‌లో పడుకోబెట్టనివ్వకు, మడతలు నిలువుగా ఉండేలా బాణం గుర్తు ప్రకారం నిలబెట్టించు. కొటేషన్లు వచ్చాక డేటాషీట్లు, సీలింగ్ డ్రాయింగ్ నాకు పంపు. ఈ ఆదివారం నేను జడ్చర్లకే వస్తున్నా, కూర్చుని ఒక్కో గదీ చూద్దాం.

మీ పెద్దనాయన