ఫోన్ ఫ్రీ అంటే నెల బిల్లు ఎంతో ముందు అడుగు తల్లీ

అమ్మలూ,

ఆగస్టులో చదువుకు టెక్సస్‌లోని డెంటన్ వచ్చేస్తున్నావు కాబట్టి ఫోన్ సంగతి ఇప్పుడే తేల్చమని మీ అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. బావగారేమో "అక్కడ సిమ్ కంపెనీ వాళ్లే కొత్త ఐఫోన్ ఫ్రీగా ఇస్తారట కదా, ఇక్కడ కొనడం ఎందుకు" అంటున్నారట. ఆయన విన్నది అబద్ధం కాదు, కానీ సగమే విన్నారు. మిగతా సగం నేను చెప్తాను, ఇంట్లో అందరూ కూర్చుని చదవండి.

ముందు నా మాట చెప్పేస్తాను. చదువు అయ్యేదాకా ఏ సిమ్ కంపెనీకీ వాయిదాల బాకీ పడకు. చిన్న ఫోనైనా సరే మొత్తం డబ్బు కట్టి అన్‌లాక్డ్ ఫోన్, అంటే ఏ కంపెనీ సిమ్ వేసినా పనిచేసేది, కొనుక్కో, అందులో పాతిక డాలర్ల లోపు ప్రీపెయిడ్ ప్లాన్ వేసుకో. ఇక్కడ దిగిన మొదటి వారంలోనే రూమ్మేట్లు, సీనియర్లు, మాల్‌లో ఫోన్ షాపు వాళ్లు తలా ఒకటి చెప్తారు, అందుకే ఇంత ముందుగా రాస్తున్నాను.

మన దగ్గర ఫోన్ వేరు, సిమ్ వేరు. ఈఎంఐలో కొన్నా ఆ బాకీ బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో కడతాం, సిమ్ మాత్రం మనిష్టం, నచ్చకపోతే నంబరు పోర్ట్ చేసుకుని ఇంకో కంపెనీకి వెళ్లిపోతాం. అమెరికాలో ఈ రెండింటినీ కలిపి అమ్మడం మొదటినుంచీ అలవాటు. 2008లో ఐఫోన్ 3జీ వచ్చినప్పుడు 199 డాలర్లే అని జనం ఎగబడ్డారు, కానీ ఆ ధర రావాలంటే ఏటీ అండ్ టీ అనే సిమ్ కంపెనీతో రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి. మధ్యలో మానేస్తే జరిమానా. తర్వాత తర్వాత స్మార్ట్‌ఫోన్ల మీద ఆ జరిమానా ఏటీ అండ్ టీలో 325 డాలర్లు, వెరైజన్‌లో 350 దాకా వెళ్లింది, నెలకు పది చొప్పున తగ్గుతూ వచ్చేది. 2013లో టీ-మొబైల్ ఈ కాంట్రాక్టులు మాకొద్దని మానేసింది, 2016 మొదటికల్లా మిగతా రెండు పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. అందుకే ఇప్పుడు షాపులో నువ్వు "కాంట్రాక్ట్ ఉందా" అని అడిగితే "అబ్బే, లేదు" అంటారు. నిజంగానే ఆ పేరుతో లేదు. దాని బదులు ఫోన్ వాయిదాలు వచ్చాయి, ఏటీ అండ్ టీ, వెరైజన్‌లలో 36 నెలలు, టీ-మొబైల్‌లో మామూలుగా 24. అంటే చాలామందికి కట్టుబడి ఉండాల్సిన కాలం తగ్గకపోగా ఏడాది పెరిగింది.

ఈ "ఫ్రీ" ఎలా నడుస్తుందో చెప్తాను, జాగ్రత్తగా చదువు. ఫోన్ ధర 830 డాలర్లనుకో. కంపెనీ వాడు ఆ ధర తగ్గించడు. దాన్ని 36 వాయిదాలు చేసి నెలకు 23 డాలర్ల చొప్పున నీ బిల్లులో వేస్తాడు, అదే బిల్లులో ఆ 23 డాలర్లు క్రెడిట్ అని వెనక్కి ఇస్తాడు. నువ్వు అక్కడే ఉన్నంతకాలం రెండూ కొట్టుకుపోతాయి, నీకు ఫ్రీగానే ఉంటుంది. 14 నెలలయ్యాక లైను, అంటే ఆ కనెక్షన్, మానేశావంటే క్రెడిట్ ఆగిపోతుంది, మిగిలిన 22 వాయిదాలు, అంటే ఐదొందల డాలర్ల పైచిలుకు, ఒకేసారి నీ మీద పడతాయి. జరిమానా అనే మాట ఎక్కడా ఉండదు, కానీ చేతిలోంచి పోయేది పాత జరిమానా కంటే ఎక్కువే. పైగా చాలా రాష్ట్రాల్లో సేల్స్ టాక్స్ పూర్తి ధర మీద మొదటి రోజే కట్టించుకుంటారు. మా డల్లాస్ చుట్టుపక్కల అది 8.25 శాతం, కాబట్టి ఆ "ఫ్రీ" ఫోన్ చేతికి రావాలంటే 68 డాలర్లు అక్కడికక్కడే కట్టాలి, యాక్టివేషన్ ఫీజు వేరే.

అసలు ఖర్చు ఇంకా రాలేదు. ఆ ఫోన్ ఫ్రీగా రావాలంటే మామూలుగా వాళ్ల ఖరీదైన అన్‌లిమిటెడ్ ప్లాన్లలో ఒకటి తీసుకోమంటారు. ఒంటరి లైనుకు నెలకు 80 డాలర్లనుకుందాం, ఇది నేను పెంచి చెప్తున్న అంకె కాదు. 36 నెలలకు 2,880 డాలర్లు. ఇప్పుడు ఇంకో లెక్క చూడు. అదే ఫోన్ 830 పెట్టి నువ్వే కొని, నెలకు 25 డాలర్ల ప్లాన్ వేసుకుంటే ఆ మూడేళ్లకు ప్లాన్ ఖర్చు 900, మొత్తం 1,730. టాక్సులు పక్కన పెట్టినా 1,150 డాలర్ల తేడా. ఎడ్యుకేషన్ లోన్ మీద వస్తున్న పిల్లవి, వడ్డీ ఇప్పటినుంచే నడుస్తోంది, ఆ డబ్బు విలువ నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఎవరు ఏ ఆఫర్ చెప్పినా ఫోన్ ధర అడగకు, నెల బిల్లు టాక్సులతో కలిపి ఎంత, ఎన్ని నెలలు అని అడిగి ఆ రెండూ గుణించి చూడు.

డబ్బు కంటే నాకు ఎక్కువ బెంగ కాలం గురించి. నీ ఎంఎస్ రెండేళ్లు. తర్వాత ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడే పనిచేసుకునే అనుమతి, ఒక ఏడాది, నీది స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ లాంటి) కోర్సు కాబట్టి ఇంకో రెండేళ్ల పొడిగింపు. ఈలోగా ఉద్యోగం ఏ రాష్ట్రంలో వస్తుందో తెలియదు, ఇంటికి వచ్చేయాల్సిన పరిస్థితీ రావచ్చు. రేపు ఎక్కడ ఉంటామో తెలియనివాళ్లు 36 నెలల మాట ఇవ్వకూడదు. మా అపార్ట్‌మెంట్స్‌లో ఉన్న ఒక అబ్బాయి చదువయ్యాక ఉద్యోగం దొరక్క ఇండియా వెళ్లిపోయాడు. ఫోన్ బాకీ ఇంకా సగం ఉంది, తీర్చకుండా కంపెనీ అన్‌లాక్ చేయదు, ఇంటికెళ్లి అక్కడి సిమ్ వేస్తే పనిచేయలేదు. మంచి ఫోన్ చేతిలో ఉంచుకుని తమ్ముడి పాత ఫోన్ వాడాడు పాపం. అన్‌లాక్ చేసే నియమాలు కంపెనీని బట్టి వేరేగా ఉంటాయి, మారుతూనే ఉంటాయి కూడా. బాకీ తీరాలి, ఇన్ని రోజులు వాడి ఉండాలి అనేవి మామూలు షరతులు, ప్రీపెయిడ్ ఫోన్లకైతే ఆ గడువు ఇంకా ఎక్కువ ఉంటుంది. షాపులో తక్కువ ధరకు కనిపించే ప్రీపెయిడ్ ఫోన్ కూడా అన్‌లాక్డ్ అనుకుని కొనేయకు.

లాక్ వల్ల మన పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది, అది ఇక్కడివాళ్లకు అర్థం కాదు. నీ ఇండియా నంబరు బతికి ఉండాలి. బ్యాంకు ఓటీపీలు, లోన్ అకౌంట్, ఆధార్ అన్నీ దానిమీదే ఉన్నాయి. లాక్ ఉన్న ఫోన్‌లో మన సిమ్ పనిచేయదు, అన్‌లాక్డ్ ఫోనైతే ఒకవైపు మన సిమ్, ఇంకోవైపు ఇక్కడి ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్) హాయిగా నడుస్తాయి. బయలుదేరేముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకో, ఫోన్‌లో ఆ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయ్, వ్యాలిడిటీ రీచార్జ్ తప్పకుండా చేస్తుండమని మీ తమ్ముడికి అప్పజెప్పు. ఓటీపీ మెసేజ్ రావడానికి మామూలుగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది. ఇంకొకటి, అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14వ మోడల్ నుంచి సిమ్ పెట్టే స్లాటే లేదు, అంతా ఈ-సిమ్. కాబట్టి ఇక్కడ ఐఫోన్ కొనే ఆలోచన ఉంటే నీ జియోనో ఎయిర్‌టెల్‌నో అక్కడుండగానే ఈ-సిమ్ చేయించుకో, దూరం నుంచి చేయించడం పెద్ద తలనొప్పి.

"అయినా వాళ్లు నాకు వాయిదాల్లో ఇస్తారా పిన్నీ" అని నువ్వే అడగాలి నిజానికి. కొత్తగా వచ్చినవాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు (మన ఆధార్ లాంటిది) ఉండదు, క్యాంపస్‌లో పని దొరికితేనో సీపీటీ (చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్ అనుమతి), ఓపీటీ వచ్చాకో వస్తుంది. క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పు తీసుకుని కట్టిన రికార్డు, అసలే ఉండదు. చాలాచోట్ల వాయిదాలు కుదరదంటారు, లేదంటే డిపాజిట్ కట్టమంటారు. ఫోన్ వాయిదాలు కడితే క్రెడిట్ స్కోర్ పెరుగుతుందని ఎవరైనా చెప్తే నమ్మకు. సక్రమంగా కట్టినందుకు మామూలుగా లాభం కనిపించదు, ఎగ్గొడితే మాత్రం బాకీ వసూలు చేసేవాళ్లకు వెళ్లి స్కోర్ పాడవుతుంది. స్కోర్ కోసం ఒక స్టూడెంట్ క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా పూర్తిగా కట్టుకో, చాలు.

అక్కడే సీనియర్లు ఫ్యామిలీ ప్లాన్ మాట తెస్తారు. ఐదారుగురు ఒకే అకౌంట్ మీద కలిస్తే పెద్ద కంపెనీ ప్లానే మనిషికి ముప్పై నలభై డాలర్లకు పడుతుంది, నెట్‌వర్క్ బాగుంటుంది, చేరడంలో తప్పులేదు. కానీ రెండు మాటలు గట్టిగా పట్టుకో. ఒకటి, చేరితే నీ సొంత ఫోన్‌తో చేరు, ఆ ప్లాన్ మీద కొత్త ఫోన్ తీసుకోకు, ఎందుకంటే వాయిదాల బాకీ అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్ల మీద ఉంటుంది, నువ్వు ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్తే ఆ బాకీతో సహా బయటికి రావడం గొడవలకు దారి తీస్తుంది. మంచి స్నేహాలు ఇక్కడే చెడిపోవడం చూశాను. రెండు, సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది కదా అని రేపు నువ్వు నీ పేరున అకౌంట్ తెరిచి మిగతావాళ్లకు ఫోన్లు ఇప్పించకు, ఎంత మొహమాటపెట్టినా సరే. వాళ్లు కట్టకపోతే నువ్వే కట్టాలి. ఫ్యామిలీ ప్లాన్‌లో నీ ఫోన్ నంబరు కూడా అకౌంట్ ఉన్నవాళ్ల చేతుల్లో ఉంటుందని మర్చిపోకు, వేరే కంపెనీకి మార్చుకోవాలంటే ట్రాన్స్‌ఫర్ పిన్ వాళ్ల నుంచే రావాలి. ఇక్కడి బ్యాంకు, యూనివర్సిటీ, ఉద్యోగం అన్నీ ఆ నంబరుకు కట్టేశాక అది పోతే ఎంత టెన్షనో ఆలోచించు.

ఇక ఏ ఫోన్ అంటావా. ముందు ఇప్పుడు నీ దగ్గరున్నదే తెచ్చుకో, అది ఇక్కడ పనిచేస్తుందో లేదో చూద్దాం. 2022లో ఇక్కడి పెద్ద కంపెనీలన్నీ 3జీ ఆపేశాయి, కాల్స్ అన్నీ 4జీ, 5జీ మీదే వెళ్తాయి. అందుకని మన దగ్గర అమ్మే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో నెట్ వస్తుంది కానీ కాల్ కలవదు, ఇంకొన్నింటికి ఇక్కడి బ్యాండ్లే (సిగ్నల్ ఫ్రీక్వెన్సీలే) సరిపోవు. ఏటీ అండ్ టీ అయితే తాను ఒప్పుకున్న మోడళ్ల జాబితా పెట్టుకుని మిగతావాటిని రానివ్వదు. *#06# కొడితే ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది, దాన్ని ఆయా కంపెనీల సైట్లలో కొట్టి చూస్తే పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది.

పనిచేస్తే నవంబర్ దాకా దాంతోనే లాగించు. థాంక్స్‌గివింగ్ వారంలో అన్‌లాక్డ్ ఫోన్ల ధరలు బాగా తగ్గుతాయి, అప్పుడు తీరిగ్గా కొందాం. పిక్సెల్ 9ఏ లాంటిది నీకు చక్కగా సరిపోతుంది, వచ్చినప్పటి ధరే 499 డాలర్లు, ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నారు, మామూలు సిమ్ స్లాట్ కూడా ఉంది. బావగారికి ఐఫోనే కొనివ్వాలని ఉంటే ఇక్కడ, అక్కడ ధరలు పోల్చి చూడమను. ఐఫోన్ 16 వచ్చినప్పుడు ఇక్కడ ప్రకటనల్లో 799 డాలర్లు అని వేశారు, కానీ అది ఏదో ఒక కంపెనీకి కలిపి కొంటేనే, ఏ కంపెనీ లేకుండా కొంటే 829. దానికి టాక్స్ కలిపి రూపాయల్లోకి మార్చు, మన దగ్గరి అప్పటి ధర 79,900తో తేడా అనుకున్నంత ఏమీ ఉండదు, పైగా మన దగ్గర కొన్నదానికి సిమ్ స్లాట్ ఉంటుంది. ఆపిల్ స్టోర్‌లో కొన్నా "కంపెనీ తర్వాత ఎంచుకుంటాను" అనేదే నొక్కాలి, దానికి కాస్త ఎక్కువైనా సంతోషంగా కట్టు.

ఎవరో వాడిన ఫోన్ ఫేస్‌బుక్‌లో చవగ్గా అమ్ముతున్నారని మాత్రం వెళ్లకు. అమ్మినవాడు దాని వాయిదాలు కట్టడం మానేస్తే కంపెనీ ఆ ఐఎంఈఐని బ్లాక్‌లిస్టులో పెట్టేస్తుంది, నీ చేతిలో ఫోన్ ఉంటుంది కానీ సిగ్నల్ ఉండదు. పాతది కావాలంటే ఆపిల్ వాళ్లే బాగుచేసి ఏడాది వారంటీతో అమ్మేవి ఉన్నాయి, అవి తీసుకో.

ప్రీపెయిడ్ కంపెనీల్లో మింట్ టీ-మొబైల్ టవర్ల మీద నడుస్తుంది, కొన్ని నెలల డబ్బు ముందే కట్టాలి. విజిబుల్ వెరైజన్ సొంతది, క్రికెట్ ఏటీ అండ్ టీది. జనం కిక్కిరిసిన చోట వీటిలో నెట్ నెమ్మదిస్తుంది, ఏదైనా సమస్య వస్తే వెళ్లి మాట్లాడటానికి కొన్నింటికి షాపులే ఉండవు. ఇవి లోపాలే, కానీ చదువుకునే పిల్లకు క్యాంపస్‌లో వైఫై ఉంటుంది, ఇంటికి వాట్సాప్‌లో మాట్లాడుకుంటావు, నీకేమీ అడ్డు రావు. రేపు ఉద్యోగం వచ్చి, పెళ్లై, ఒకచోట స్థిరపడి, ఇంట్లో నాలుగు లైన్లు ఉండి, ఎలాగూ ఆ కంపెనీ ప్లానే వాడుతున్నప్పుడు ఆ ఫ్రీ ఫోన్ నిజంగానే లాభం. మేము ఇప్పుడు అలాగే తీసుకున్నాం, నాకు దానిమీద కోపమేమీ లేదు.

ఈ ఆదివారంలోగా నీ ఫోన్ మోడల్, ఐఎంఈఐ నంబరు నాకు వాట్సాప్ చెయ్, మూడు కంపెనీల సైట్లలోనూ నేను చూసి చెప్తాను. పనిచేయదని తేలితే నువ్వు దిగే రోజుకు అన్‌లాక్డ్ ఫోన్ ఒకటి తెప్పించి ఉంచుతాను, డబ్బు సంగతి మీ అమ్మా నేనూ చూసుకుంటాం. ఇక్కడ ఐఫోన్ కొనేదుంటే ఈ-సిమ్ పని మాత్రం ఈ వారమే చేయించు.

మీ పిన్ని
ఇర్వింగ్, టెక్సస్