సర్పి మానినా మంట తగ్గదేం?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా నాన్నకు 64 ఏళ్లు. నాలుగు నెలల కిందట కుడివైపు ఛాతీ నుంచి వీపు దాకా సర్పి లేచింది. పొక్కులు మానాయి గానీ మంట పోలేదు. చొక్కా తగిలినా విలవిల్లాడిపోతున్నారు. షుగర్ ఉంది, క్రియాటినిన్ 1.8. వైరస్ ఇంకా ఒంట్లోనే ఉందా? పిల్లలను దగ్గరకు పంపవచ్చా?

జవాబు: వైరస్ ఉంది. కానీ ఇప్పుడు బాధపెడుతున్నది అది చేసి పోయిన గాయం. ఎప్పుడో ఆటలమ్మ పోసినప్పుడే అది వెన్నుపాము పక్కనుండే నరాల ముడుల్లో చేరి, బతికినంతకాలం అక్కడే ఉండిపోతుంది. వయసు మీదపడి ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు లేచి, ఒక నరం వెంబడి చర్మానికి దిగుతుంది. అందుకే సర్పి ఒకవైపే పట్టీలాగా వస్తుంది. దిగే దారిలో ఆ నరం దెబ్బతింటుంది. దెబ్బతిన్న నరం బట్ట తాకిడిని కూడా మంటగా మెదడుకు చేరవేస్తుంది. వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, ఇప్పుడు వేసి లాభం లేదు. పెచ్చులు రాలిపోయాయి కాబట్టి అంటదు. మనవళ్లను నిశ్చింతగా దగ్గర కూర్చోబెట్టుకోవచ్చు.

నన్ను కలవరపెడుతున్నది కిడ్నీ పనితీరును చెప్పే ఆ క్రియాటినిన్. ఆయన డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు వాడుతుంటే ఈరోజే ఆపించండి. నరం మంటకు అవి పనిచేయవు, పైగా కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ప్రాంతంలో మందుల షాపులో అడిగి తెచ్చుకుని వాడటం మరీ ప్రమాదం.

దీనికి సాధారణంగా ఇచ్చేది గాబాపెంటిన్. అది కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది కాబట్టి, మీ డాక్టరు కిడ్నీ పనితీరును లెక్కగట్టి మోతాదు తగ్గించి రాయాలి. ఇలాంటివారికి రాత్రి 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మత్తు, తూలు లేకపోతే వారానికోసారి కొద్దికొద్దిగా పెంచుతాం. సరిపడా మోతాదుకు చేరాక మూడు నాలుగు వారాలు చూడాలి. రెండు రోజులకే 'పనిచేయలేదు' అని మానేసేవాళ్లే ఎక్కువ. వాడుతున్న మందును ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే. గ్యాస్ సిరప్ తాగే అలవాటుంటే, తాగిన రెండు గంటల తర్వాతే ఈ బిళ్ల వేయండి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు కాసేపు మంచం మీద కూర్చుని లేవమనండి.

చాలకపోతే రాత్రిపూట 10 మిల్లీగ్రాముల ఎమిట్రిప్టిలిన్ కలుపుతారు. ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె జబ్బు ఉంటే ముందే చెప్పండి. 5 శాతం లిడోకైన్ (తిమ్మిరెక్కించే మందు) ప్యాచ్ దొరికితే మంట ఉన్నచోట, పుండు లేని చర్మం మీద 12 గంటలు అంటించి, 12 గంటలు తీసేయాలి. పసర్లు, ఎర్రమట్టి మాత్రం పూయకండి.

మీ అమ్మగారికి 50 దాటితే సర్పి రాకుండా వేసే షింగ్రిక్స్ టీకా గురించి డాక్టరును అడగండి. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. నాన్నగారి ఇప్పటి మంటను అది తగ్గించదు గానీ, సర్పి మళ్లీ లేచే అవకాశాన్ని తగ్గిస్తుంది.