మునిగిన ఫైబర్ బోటు లేపడానికి లిఫ్ట్ బ్యాగులా, లారీ ట్యూబులా?

కళింగపట్నం ఎదురుగా మీ ఫైబర్ బోటు బోల్తాపడి అయిదు బారల నీళ్లలో కూర్చుందని, ఇంజనూ వలలూ దాంట్లోనే ఉన్నాయని రాశారు. లారీ ట్యూబులు కట్టి గాలి కొడితే లేస్తుందా, లేక ఆన్‌లైన్‌లో టన్ను లిఫ్ట్ బ్యాగు, అంటే నీళ్లలో గాలి నింపితే టన్ను బరువు పైకి లేపే సంచి, కొనాలా అన్నది మీ ప్రశ్న. మాది భావనపాడు వైపు. విశాఖలో ఒక డైవింగ్ కాంట్రాక్టరు దగ్గర కొన్నేళ్లు టెండర్‌గా చేశాను. అంటే పైన ఉండి డైవర్ తాడు, గాలి గొట్టం చూసుకునే పని.

బ్యాగు ఎన్ని టన్నులు లేపుతుందో తర్వాత చూద్దురుగాని, ఎక్కువైన గాలి దాంట్లోంచి ఎలా బయటికి పోతుందో ముందు చూడండి. అయిదు బారలంటే 30 అడుగులు, 9 మీటర్లు. అక్కడ ఒత్తిడి పైనున్నదానికి దాదాపు రెట్టింపు. అడుగున సగమే నింపిన బ్యాగు పైకొచ్చేసరికి దానంతటదే నిండిపోతుంది. లేచేకొద్దీ గాలి ఉబ్బుతుంది, ఉబ్బేకొద్దీ ఇంకా జోరుగా లేస్తుంది. అందుకే పారాచూట్ ఆకారంలో ఉండే లిఫ్ట్ బ్యాగుకి కింద నోరు తెరిచే ఉంటుంది, ఎక్కువైన గాలి అటునుంచి పోతుంది. పైన తాడుతో లాగి గాలి వదిలే వాల్వు కూడా ఉంటుంది. లారీ ట్యూబుకి ఈ రెండూ లేవు. పైగా ట్యూబు బలమంతా టైరు లోపల ఉన్నంతసేపే. బయట ఉబ్బితే పగులుతుంది, లేదా కట్టిన తాడు జారిపోతుంది.

ఈ ఉబ్బే గొడవ మరీ లోతుల్లో ఎంత పెద్దదంటే, 1998లో దాదాపు 3,800 మీటర్ల అడుగునుంచి టైటానిక్ పెద్ద ముక్కని లేపినప్పుడు బ్యాగుల్లో గాలి కాకుండా డీజిల్ నింపారు. అది నీటికన్నా తేలిక, ఒత్తిడికి పెద్దగా నలగదు. మీకు ఆ ఖర్చు అక్కర్లేదు లెండి.

ఇక బరువు. వెయ్యి లీటర్ల గాలి ఉప్పునీళ్లలో 1025 కిలోల దాకా మోస్తుంది. ఫైబర్ నీళ్లలో చాలా బరువు కోల్పోతుంది కాబట్టి, ఒడ్డున టన్ను తూగే ఖాళీ బోటు అడుగున నాలుగొందల కిలోలకి అటూఇటూ ఉంటుంది. అసలు టెన్షన్ ఇసుకతోనే. బోటులో ఒక ఘనమీటరు ఇసుక చేరిందంటే నీళ్లలో కూడా ఇంచుమించు టన్ను బరువు అదనం. ముందు దాన్ని తోడించాలి.

అడుగు పట్టేసుకుంటే ఇంకో చిక్కు. ఒకసారి హార్బర్‌లో బురదలో దిగిపోయిన కాంక్రీటు దిమ్మ లేపుతున్నాం. లెక్కప్రకారం గాలి పట్టించినా కదల్లేదు. "ఇంకా కొట్టండ్రా, బేగి!" అన్నాడు సూపర్‌వైజరు. కొట్టాం. బురద పట్టు వదిలేసరికి బ్యాగు ఒక్క తన్ను తన్నుకుని నీటిమీదకి ఎగిరింది, పక్కకి ఒరిగి గాలంతా కక్కేసింది, దిమ్మ మళ్లీ అడుక్కిపోయింది. డైవర్‌ని అప్పటికే పైకి పిలిచేశాం గనక సరిపోయింది. కదలకపోతే గాలి పెంచకండి. బోటు అడుక్కి గొట్టంతో నీళ్లు కొట్టించండి, లేదా ఇంకో బోటునుంచి పక్కకి లాగించండి. మన దగ్గర మునిగిన బోటు అనగానే గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన టూరిస్టు బోటే గుర్తొస్తుంది. 2019లో ధర్మాడి సత్యం బృందం దాన్ని లంగర్లు, రోపులతో లాగే తెచ్చింది.

నేనైతే ఒక టన్ను బ్యాగు కొనను. పావు టన్నువి నాలుగు విశాఖలో అద్దెకి తెచ్చి, చెరోవైపు రెండేసి, వీలైనంత కిందికి కట్టిస్తాను. పైన కడితే బోటు అంచు నీళ్లలోనే ఆగిపోతుంది, తోడలేరు. అంచు బయటపడకుండా లాగబోయారా, లోపలి నీళ్ల బరువంతా తాళ్ల మీద పడుతుంది. బ్యాగులు దొరక్కపోతే 200 లీటర్ల డ్రమ్ములు నయం, కాకపోతే మూతి తీసి కిందికి ఉండేలా కట్టాలి. మూసిన డ్రమ్ముని అంత లోతుకి దించడమే కష్టం, దించినా నలిగిపోతుంది.

పంక్చర్ షాపు కంప్రెసర్ ఒత్తిడి బ్యాగులకి చాలు, కాస్త టైం పడుతుంది. ఆ గాలి మాత్రం ఎవరూ పీల్చకూడదు, ఆయిల్ ఉంటుంది. ఊపిరి బిగబట్టి మునిగే మీ కుర్రాళ్లకి ఇది గట్టిగా చెప్పండి: అడుగున బ్యాగులోంచో గొట్టంలోంచో ఒక్క గుక్క పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి ఊపిరితిత్తుల్లోనే ఉబ్బుతుంది. ప్రాణం పోతుంది. నిజానికి ఈ పని సిలిండరు డైవర్లకే ఇవ్వండి. వాళ్లు కూడా ముందు వలలు కోసి తప్పించాకే బోటు దగ్గరికి వెళ్లాలి, నడుముకి కత్తి ఉండాలి. బ్యాగు లేస్తున్నప్పుడు నీళ్లలో ఎవరూ ఉండకూడదు.

ఇంజను మాత్రం బోటుతోపాటు లేపకండి. బోల్టులు విప్పించి విడిగా తాడుతో లాగేయండి. పైకొచ్చాక ఆరబెట్టొద్దు, గాలి తగిలితేనే తుప్పు మొదలయ్యేది. మెకానిక్ వచ్చేదాకా మంచినీళ్ల తొట్టెలో ముంచి ఉంచండి, బోటు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.