వెయ్యి స్తంభాల గుడిల స్తంభాలు ఎందుకు ఇరుగుతున్నయ్?

ప్రశ్న: అన్నా, వెయ్యి స్తంభాల గుడి మండపంల నిలబడి చుట్టూ తిరుక్కుంట తొమ్మిది ఫొటోలు తీసిన, అన్నీ కలిపి ఒకటే పొడుగు ఫొటో (పనోరమా) చెయ్యనీకి ఫొటోషాప్‌ల ఫొటోమెర్జ్‌కి ఇచ్చిన. దూరమున్న గోడ మంచిగనే అతికింది కానీ దగ్గరి స్తంభం నడుమ ఇరిగినట్టు వస్తాంది, ఇంకోటైతే ఒకటే స్తంభం రెండయింది. మూడు సార్లు చేసిన, అదే కథ. కొత్త వెర్షన్ ఎక్కిస్తే సెట్ అయితదా?
– ఇంజినీరింగ్ స్టూడెంట్, హన్మకొండ

జవాబు: కాదు తమ్మీ, పైసలు దండగ. రుద్రదేవుడు 1163ల కట్టిచ్చిన గుడి స్తంభాలను ఇరగ్గొట్టింది సాఫ్ట్‌వేర్ కాదు, నువ్వే. ఎట్లనో చెప్తా, ఒక కన్ను మూసుకో, ముఖం ముందర జానెడు దూరంల వేలు పెట్టి గోడకున్న క్యాలెండర్ చూసుకుంట తలకాయ మెల్లగ తిప్పు. వేలు కదల్లేదు, గోడ కదల్లేదు, అయినా వేలు ఒక తారీఖు మీదికెళ్లి ఇంకో తారీఖు మీదికి జరుగుతది, ఎందుకంటే తల తిరిగేది మెడ మీద, కన్నేమో మెడకు ముందట ఉంటది. దీన్నే పారలాక్స్ అంటరు. నువ్వు కెమెరా చేతుల పట్టుకుని ఒళ్లంతా తిప్పినప్పుడు లెన్స్ కూడా అట్లనే జరిగింది. లెన్స్ పది సెంటీమీటర్లు పక్కకు జరిగిందనుకో, మీటరు దూరంల ఉన్న స్తంభం దాదాపు 6 డిగ్రీలు జరిగినట్టు కనిపిస్తది, పది మీటర్ల దూరంల ఉన్న గోడ అర డిగ్రీ కొంచెం పైన అంతే. ఇగ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తది పాపం, గోడను కలిపితే స్తంభం ఇరుగుతది, స్తంభాన్ని కలిపితే గోడ ఇరుగుతది.

అందుకే తిరగాల్సింది నువ్వు కాదు, లెన్స్ ఉన్న చోటనే లెన్స్ తిరగాలె. దీనికి ట్రైపాడ్ మీద బిగించే పనోరమా హెడ్ అని అమ్ముతరు, కానీ మన గుడిల ట్రైపాడ్ పెట్టాలంటే పర్మిషన్ తీసుకోవాలె. నేను చేసేది చెప్తా. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడే తూకం గుండు తెలుసు కదా, అట్లాంటి చిన్న బరువు దారానికి కట్టి లెన్స్ గొట్టం ముందటి భాగంకెళ్లి వేలాడదియ్యి, కింద బండ మీద ఒక గుర్తు చూసుకో, ప్రతి ఫొటోకు గుండు ఆ గుర్తు మీదనే ఉండేటట్టు నువ్వు కెమెరా చుట్టూ అడుగులేసుకుంట తిరుగు. చూసినోళ్లు నవ్వుతరు, నవ్వనియ్యి. కెమెరా నిలువుగ పట్టు, ఒక ఫొటోకు ఇంకో ఫొటోకు మూడో వంతన్న కలవాలె, ఎక్స్‌పోజర్ (వెలుతురు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగు) మూడూ మాన్యువల్‌ల పెట్టి మళ్ల ముట్టుకోకు.

ఇప్పుడున్న తొమ్మిది ఫొటోలు పడెయ్యకు. ఫొటోమెర్జ్‌ల ఇమేజెస్ బ్లెండ్ చెయ్యమని ఉండే టిక్ తీసేస్తే లేయర్లు అతుక్కోకుండ ఒకదాని మీద ఒకటి సర్దుకుని వస్తయి, అప్పుడు వద్దన్న భాగాన్ని దాచే మాస్క్ పెట్టి ఒక స్తంభం మొత్తం ఒకటే ఫొటోలకెళ్లి వచ్చేటట్టు చూసుకో, అతుకు అనేది స్తంభం నడుమలకెళ్లి పోవద్దు, రెండు స్తంభాల మధ్య ఖాళీలకెళ్లి పోవాలె. ఫ్రీగ కావాలంటే ఫొటోలు కలిపే హ్యూగిన్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్ల దగ్గరి స్తంభాల మీద పడ్డ కంట్రోల్ పాయింట్లు (రెండు ఫొటోలల ఒకటే చోటని పెట్టే గుర్తులు) తీసేసి దూరం గోడ మీదివే ఉంచు, మిగిలింది మాస్క్ ట్యాబ్‌ల సరిచెయ్యి. టైం పడతది, ఒక ఆదివారం పోయిందనుకో.

ప్రశ్న: ఖిలా వరంగల్‌ల తోరణం దగ్గరగ నిలబడి ఐదు ఫొటోలు తీసి కలిపిన, పైన ఉన్న రాతి దూలం విల్లు లెక్క వంగింది. ఎట్ల సరిచెయ్యాలె?
– టీచరు, కరీమాబాద్

జవాబు: మేడం, మీది సిలిండ్రికల్ ప్రొజెక్షన్‌ల, అంటే ఫొటోలను గొట్టం లోపల అతికిచ్చి సాపుగ పరిచిన తీరుల కలిసింది. దాంట్ల నిలువు గీతలు నిటారుగనే ఉంటయి, అడ్డం గీతలు మాత్రం మన కంటి ఎత్తుకు పైన ఉంటే వంగుతయి. పర్‌స్పెక్టివ్ ప్రొజెక్షన్ పెట్టి మళ్ల కలపండి, దూలం సాపుగ వస్తది, కాకపోతే మొత్తం వెడల్పు వంద డిగ్రీలు దాటితే రెండు అంచులు రబ్బరు లెక్క సాగుతయి. అసలు ఒక ముచ్చట అడుగుతా ఏమనుకోకండి, యాభై అడుగులు ఎనకకు నడిస్తే ఒక్క ఫొటోల పట్టే తోరణానికి పనోరమా ఎందుకు? బయట మట్టికోట గోడ పొడుగంతా రావాలంటే చెప్పండి, అది పనోరమాకు తగ్గ పని.

ప్రశ్న: భద్రకాళి చెరువు మీద పొద్దుగూకేటప్పుడు తీసిన, ఆకాశంల లేత నీలం, ముదురు నీలం పట్టీలు పట్టీలుగ వచ్చింది. ఒక ఆఫీసు వాళ్లకు 12 అడుగుల ఫ్లెక్సీ కొట్టియ్యాలె, ఎన్ని ఫొటోలు కావాలె?
– స్టూడియో ఓనర్, పరకాల

జవాబు: అన్నా, ఆకాశం ముదురుగ రానీకి లెన్స్ ముందట పెట్టే పోలరైజర్ ఫిల్టర్ పెట్టిన్రా? పెట్టే ఉంటరు, నేను గూడ లక్నవరంల అదే తప్పు చేసి సాయంత్రం మొత్తం పోగొట్టుకున్న. సూర్యునికి 90 డిగ్రీల పక్కన ఆకాశం బాగ ముదురుతది, అటు ఇటు పోతే లేతది, ఒక్కో ఫొటోల ఒక్కో తీరు పడతది. ఫిల్టర్ తీసెయ్యండి. పెట్టలేదంటే ఆటో ఎక్స్‌పోజర్ అయినా, లెన్స్ మూలల నలుపు అయినా అయి ఉంటది, మూలల నలుపైతే కలిపే ముందే సాఫ్ట్‌వేర్‌ల లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ కొట్టండి. నీళ్ల అలల మీద, మబ్బుల మీద సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న పాయింట్లు నమ్మద్దు, అవి కదిలేటివి, గుట్ట మీద, చెట్ల మీద ఉన్నవే ఉంచండి.

లెక్క చూస్తే 12 అడుగులంటే 144 అంగుళాలు, ఫ్లెక్సీకి 100 డీపీఐ (అంగుళానికి 100 చుక్కలు) దండిగ సాలు, అంటే వెడల్పు 14,400 పిక్సెళ్లు. 24 మెగాపిక్సెల్ కెమెరా నిలువుగ పడితే ఒక ఫొటో వెడల్పు 4,000, దాంట్ల 35 శాతం పక్క ఫొటోతోని కలుస్తది కాబట్టి మొదటి దాని తర్వాత ఒక్కోటి కొత్తగ ఇచ్చేది 2,600. ఐదు ఫొటోలకు లెక్క కరెక్ట్‌గ 14,400 వస్తది, కానీ అంచులు కట్ చేసుడు ఉంటది కదా, ఏడు తియ్యండి. కిందికి పైకి గూడ కొంచెం ఎక్కువనే పెట్టండి, ఫ్లెక్సీ మీద ఆఫీసోళ్ల పేరు రాసే జాగ ఎట్లైనా అడుగుతరు.