సర్వర్ సంగతి తర్వాత, ముందు మీ రౌటర్ చూడండి

పది ఫోన్లున్న ఆఫీసుకి ఆస్టెరిస్క్ (కంప్యూటర్‌ని టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) పెట్టాలంటే ఎంత ర్యామ్ ఉన్న సర్వర్ కొనాలని అడిగారు. ఏమీ కొనకండి. మూలన పడేసిన కంప్యూటర్ ఏదైనా ఉంటే దుమ్ము దులిపి వాడుకోండి. మాటని డిజిటల్‌గా మార్చే జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కి ఒక్కో వైపు సెకనుకి 90 కిలోబిట్లు కూడా పట్టదు. ర్యామ్ గురించి అడిగేవాళ్లే అందరూ, రౌటర్ గురించి అడిగినవాళ్లని ఇంతవరకు చూడలేదు. ఏడిపించేదేమో అదే.

నేను మొదటిసారి పెట్టినప్పుడు ఇన్‌స్టాలేషన్ ఒక్క సాయంత్రంలో అయిపోయింది. లోపలి ఫోన్లు మోగాయి. బయటి నుంచి కాల్ వచ్చింది, మాట రెండు వైపులా శుభ్రంగా వినబడింది. ఇంతేనా అనుకునేలోపు కట్. మళ్లీ చేశారు, మళ్లీ కట్. కేబుల్ మార్చాను, ఫోన్ మార్చాను, చివరికి సర్వర్ మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించాను. రెండు రాత్రులు పోయాయి. మూడో రాత్రి ఒళ్లు మండి సెల్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే, ప్రతిసారీ సరిగ్గా 32 సెకన్లు. వదులు కేబుల్ అంత టైము పాటించదు కదా!

కాల్ సందేశాలు వచ్చిపోయేది చూపించే ఎస్ఎన్‌గ్రెప్ తెరిస్తే బండారం బయటపడింది. కాల్ ఎత్తగానే నా సర్వర్ 'ఎత్తాం' అని చెప్పే '200 ఓకే' పంపుతోంది. దానికి అవతలి నుంచి 'అందింది' అనే 'ఆక్' రావాలి, రావట్లేదు. అర సెకను, సెకను, రెండు సెకన్లు ఆగుతూ అదే మళ్లీ మళ్లీ పంపి, ఇంటర్నెట్ కాల్స్‌ని కలిపే సిప్ ప్రమాణం ఇచ్చిన 32 సెకన్ల గడువు తీరగానే కాల్ కట్ చేస్తోంది. ఇంతకీ ఆ 200 ఓకేలో కాంటాక్ట్ దగ్గర, అంటే జవాబు ఎక్కడికి పంపాలో చెప్పే చోట, ఏముందంటే, 192.168.1.20. రౌటర్ వెనకున్న మా లోపలి అడ్రస్! బయటివాళ్లకి అదిస్తే జవాబు ఎక్కడికి పంపుతారు పాపం?

మందు మూడు లైన్లే. ఆస్టెరిస్క్ సిప్ సెట్టింగులుండే పీజేసిప్.కాన్ఫ్ ఫైల్లో ట్రాన్స్‌పోర్ట్ కింద ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్, ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, లోకల్ నెట్. బయటివాళ్లకి ఏ అడ్రస్ ఇవ్వాలో, లోపలి నెట్‌వర్క్ ఏదో చెప్పేవి అవే. రాసి రీలోడ్ కొట్టాను. మళ్లీ 32. ఓహో ఇది కాదన్నమాట అని ఆ మూడూ చెరిపేశాను! ట్రాన్స్‌పోర్ట్ మార్పులు మామూలుగా రీలోడ్‌కి ఎక్కవు, ఆస్టెరిస్క్‌ని రీస్టార్ట్ చేయాలి. ఆ ముక్క తెలియక ఇంకో రాత్రి జాగారం.

రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని ఒకటుంటుంది. సాయం చేస్తానంటూ మధ్యలో దూరి, అడ్రస్‌లు తనకు తోచినట్టు తిరగరాసి అసలుకే ఎసరు పెడుతుంది. కళ్లు మూసుకుని ఆపేయండి. సిప్.కాన్ఫ్ అనే పాత సెట్టింగుల ఫైల్‌తో మొదలయ్యే పాత పాఠాలు కూడా పక్కన పెట్టండి. 2023లో వచ్చిన ఆస్టెరిస్క్ 21వ వెర్షన్‌లో ఆ ఫైల్‌ని వాడే చాన్ సిప్ అనే పాత భాగాన్ని పూర్తిగా పీకేశారు, అయినా జనం ఇంకా అవే కాపీ కొడుతున్నారు.

పాత ల్యాండ్‌లైన్ కూడా కలపాలంటే గోడ నుంచి వచ్చే లైన్ ఎఫ్ఎక్స్ఓ పోర్ట్‌కి, మామూలు ఫోన్ ఎఫ్ఎక్స్ఎస్‌కి. ప్లగ్ రెండింట్లోనూ పడుతుంది, అదే చిక్కు. 1001 ఎక్స్‌టెన్షన్‌కి 1001 అనే పాస్‌వర్డ్ మాత్రం దయచేసి పెట్టకండి. సిప్ వాడే 5060 పోర్ట్ బయటికి తెరిచిన కాసేపటికే ఎవరెవరో వచ్చి తలుపు తడతారు.

ర్యామ్ అంటారా, 2 జీబీ చాలు.